రాత్రంతా గాల్లో.. పగలంతా కలత నిద్ర!
సరకు విమానాల పైలట్ల జీతం, డ్యూటీ, సంఘాల గోడు

హోసూరు: బాగలూరు, బేరికె, తళి వైపు పాలీహౌస్‌లలో తెల్లారకముందే గులాబీ కోత మొదలవుతుంది. కట్టలు కట్టి, అట్టపెట్టెల్లో సర్ది, చల్లటి వ్యాన్లలోకి ఎక్కిస్తారు. ప్రేమికుల రోజు సీజనులో అయితే మనోళ్లకు తిండి, నిద్ర రెండూ ఉండవు. ఆ పెట్టె దేవనహళ్లి విమానాశ్రయం గేటు దాటాక ఎవరి చేతిలోకి వెళ్తుందో మాత్రం ఎవరూ ఆలోచించరు. పూలు ఒక్కటే కాదు.. కొరియర్ కవరు, మందుల పెట్టె, సెల్‌ఫోన్ విడిభాగం.. ‘ఇవాళ ఇస్తే రేపు చేరాలి’ అనే ప్రతి సరకు వెనకా రాత్రంతా మేల్కొని విమానం నడిపే ఇద్దరుంటారు. వాళ్ల వెనక ప్రయాణికులు ఉండరు. ఎయిర్‌హోస్టెస్ ఉండదు. ఉండేవి పెట్టెలే. తగాదా అంతా అక్కడే మొదలైంది.

అర్ధరాత్రి సంత

సరకు విమానాల పని దాదాపు అంతా చీకట్లోనే. పగలు దుకాణాలు, ఫ్యాక్టరీలు ఇచ్చిన పార్సిళ్లు పొద్దుగూకాక విమానాశ్రయాలకు చేరతాయి. అక్కడి నుంచి విమానాలన్నీ ఒకే కేంద్రానికి పరుగు. అమెరికాలో యూపీఎస్‌కు లూయీవిల్, ఫెడెక్స్‌కు మెంఫిస్ అలాంటి కేంద్రాలు. మన వారపు సంతలాగే ఉంటుంది గానీ అర్ధరాత్రి జరుగుతుంది. మూడు నాలుగు గంటల్లో పెట్టెలన్నీ ఊళ్లవారీగా విడదీసి మళ్లీ విమానాల్లోకి ఎక్కిస్తారు. తెల్లారేలోగా అవి ఎగిరిపోవాలి.

ఆ కాస్త వ్యవధిలో పైలట్ ఒక గదిలో కునుకు తీస్తాడు. అలారం మోగితే లేచి మళ్లీ కాక్‌పిట్‌లోకి. మనిషి ఒళ్లు గాఢనిద్ర కోరేది రాత్రి రెండు నుంచి ఆరు మధ్య. సరిగ్గా అప్పుడే విమానాన్ని కిందికి దించాలి. హోసూరు బస్టాండులో నైట్ డ్యూటీ కండక్టర్ని అడిగినా చెబుతాడు.. పగలు ఎనిమిది గంటలు పడుకున్నా అది రాత్రి నిద్రతో సమానం కాదని.

మన దేశంలోనూ ఇదే తీరు. చెన్నై కేంద్రంగా బ్లూడార్ట్ ఏవియేషన్ 1996 నుంచి సరకు విమానాలు నడుపుతోంది. కెప్టెన్ గోపీనాథ్ నాగపూర్ కేంద్రంగా పెట్టిన డెక్కన్ 360 మాత్రం 2011లోనే ఆగిపోయింది.

మనుషులకో రూలు.. పెట్టెలకో రూలు

2009 ఫిబ్రవరిలో అమెరికాలోని బఫెలో దగ్గర కోల్గాన్ సంస్థ ప్రయాణికుల విమానం కూలి 50 మంది చనిపోయారు. పైలట్ల అలసట మీద పెద్ద చర్చ లేచింది. చట్టం వచ్చింది. దాని ప్రకారం కొత్త విశ్రాంతి నిబంధనలు 2014 జనవరి నుంచి అమలయ్యాయి. డ్యూటీకి ముందు కనీసం 10 గంటల విశ్రాంతి, అందులో 8 గంటలు ఆటంకం లేని నిద్రకు అవకాశం ఉండాలన్నారు. ఏ వేళకు డ్యూటీ ఎక్కితే ఎన్ని గంటలు పని చేయాలో కూడా లెక్క కట్టారు.

అన్నీ బాగున్నాయి. చివర్లో ఒక మెలిక.. సరకు విమానాలకు ఇది వర్తించదు! వాటికి కూడా పెడితే అయ్యే ఖర్చు, వచ్చే లాభం కన్నా ఎక్కువని విమానయాన శాఖ లెక్క చెప్పింది. లాభమంటే ఇక్కడ తప్పే ప్రమాదం, మిగిలే ప్రాణాలు. సరకు విమానంలో ఉండేది ఇద్దరే కదా! యూపీఎస్ పైలట్ల సంఘం ఇండిపెండెంట్ పైలట్స్ అసోసియేషన్ కోర్టుకెక్కింది. 2016లో అప్పీలు కోర్టు ప్రభుత్వం వైపే తీర్పిచ్చింది.

కేసు నడుస్తుండగానే 2013 ఆగస్టు 14న లూయీవిల్ నుంచి బయల్దేరిన యూపీఎస్ విమానం తెల్లవారుజామున బర్మింగ్‌హామ్‌లో రన్‌వే అందుకోక ముందే నేలను తాకి కూలింది. ఇద్దరు పైలట్లూ చనిపోయారు. కాక్‌పిట్ రికార్డరు తీసి వింటే, బయల్దేరే ముందు వాళ్లు మాట్లాడుకున్నది ఈ నిబంధనల గురించే. అందరికీ ఒకే రూలు ఉండొద్దా అని కెప్టెన్ అన్నాడు. నిద్రపోయినా అలసట తీరలేదని కో-పైలట్ అంది.

సంఘాలు ఈ ఘటనను ఇప్పటికీ చెబుతాయి. అయితే ఇంకో సంగతీ రాయాలి. దర్యాప్తు సంస్థ ప్రధానంగా తప్పుపట్టింది విమానాన్ని దించిన తీరును. అలసట తోడైన కారణాల్లో ఒకటి. కో-పైలట్ సెలవు వేళల్ని నిద్రకు సరిగా వాడుకోలేదని కూడా రాసింది. ఆ రోజు వాళ్ల డ్యూటీ కొత్త నిబంధనలకూ లోబడే ఉందని కంపెనీ వాదన. కాబట్టి కాగితం మీద గంటలు సరిపోయినంత మాత్రాన ఒంటికి సరిపోయినట్టు కాదు. రూలుతో పాటు ఏ వేళకు డ్యూటీ వేస్తున్నారన్నదీ చూడాలి.

చక్రం కదిలితేనే జీతం

పైలట్ అంటే లక్షలే అనుకుంటాం. లక్షలే, కాదనం. కానీ లెక్క వేరు. విమానం బయల్దేరడానికి చక్రం కదిలినప్పటి నుంచి మళ్లీ ఆగేదాకా ఉన్న గంటలకే చాలాచోట్ల జీతం కడతారు. సరకు విడదీసేదాకా గదిలో కూర్చున్న మూడు గంటలు, హోటల్లో గడిపిన పగలు ఆ లెక్కలోకి రావు. అందుకే సంఘాలు ‘నెలకు ఇన్ని గంటలకు తగ్గకుండా జీతం’ అని హామీ అడుగుతాయి. ఇల్లు విడిచి ఉన్న మొత్తం సమయంలో కొంత భాగానికైనా కూలి కట్టాలని అడుగుతాయి. మన లారీ డ్రైవరు లోడింగు కోసం పడిగాపులు కాసిన రోజుకు బత్తా అడిగినట్టే.

పని ఆపడం కూడా తేలిక కాదు. 2016 నవంబరులో అమెజాన్, డీహెచ్ఎల్ సరకు మోసే ఏబీఎక్స్ ఎయిర్ పైలట్లు దాదాపు 250 మంది సమ్మె చేశారు. కొత్తవాళ్లను తీసుకోకుండా ఉన్నవాళ్లతోనే అదనపు డ్యూటీలు చేయిస్తున్నారన్నది వాళ్ల ఫిర్యాదు. రెండు రోజుల్లోనే కోర్టు ఉత్తర్వుతో విమానాలెక్కాల్సి వచ్చింది. అక్కడ రైల్వే కార్మికుల కోసం 1926లో చేసిన చట్టమే విమాన సిబ్బందికీ వర్తిస్తుంది. మధ్యవర్తిత్వం మెట్లన్నీ ఎక్కితే గానీ సమ్మెకు దారి లేదు. 2023 జూలైలో ఫెడెక్స్ పైలట్లయితే 30 శాతం పెంపు ఉన్న ఒప్పందాన్నే 57 శాతం ఓట్లతో తిప్పికొట్టారు. డబ్బు ఒక్కటే సమస్య అయితే అలా చేసేవారు కాదు.

ఇక్కడి సంగతి

మన దగ్గర డీజీసీఏ 2024 జనవరిలో నిబంధనలు మార్చింది. వారానికి 36 గంటల విశ్రాంతి 48కి పెరిగింది. రాత్రి అంటే ఉదయం 5 దాకా అన్నది 6 దాకా అయింది. రాత్రి డ్యూటీలో ఆరు ల్యాండింగులు చేయించే వీలుంటే రెండుకు కుదించారు. కంపెనీలు ఒప్పుకోలేదు, పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. చివరకు 2025 జూలై, నవంబరుల్లో రెండు విడతలుగా అమలైంది. డిసెంబరులో సరిపడా పైలట్లు లేక ఇండిగో విమానాలు వేలల్లో రద్దయ్యాయి. జనం విమానాశ్రయాల్లో పడుకున్నారు. దాంతో రాత్రి నిబంధనల నుంచి ఆ సంస్థకు 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చారు. సంఘాలు దీనికీ అభ్యంతరం చెప్పాయి.

కోలారు, చిక్కబళ్లాపురం, హోసూరు వైపు నుంచి కూడా పిల్లలు ఇప్పుడు పైలట్ శిక్షణ గురించి అడుగుతున్నారు. పొలం అమ్మి ఫీజు కట్టేవాళ్లూ ఉంటారు. సరకు విమానమైనా, ప్రయాణికుల విమానమైనా సంతకం పెట్టేముందు కాగితంలో చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. నెలకు హామీ ఇచ్చే గంటలెన్ని? ఇంట్లో సిద్ధంగా కూర్చునే రోజులకు జీతం ఉందా? వరుసగా ఎన్ని రాత్రులు వేస్తారు? శిక్షణ ఖర్చు కింద బాండు ఎంత? నోటీసు సంగతి అయితే తప్పకుండా చూడాలి. 2017లో డీజీసీఏ కెప్టెన్లకు ఏడాది, కో-పైలట్లకు ఆరు నెలల నోటీసు పెట్టింది. రేపు వేరే కంపెనీలో మంచి ఉద్యోగం దొరికినా, అన్నాళ్లు ఆగి గానీ వెళ్లలేరు.