పేరుకూ అద్దె!

పేరు పెట్టడం తేలికే, నిలబెట్టుకోవడమే కష్టమని మా తాతగారు అంటూండేవారు. అది మనుషుల సంగతి కాబోలు అనుకునేవాణ్ణి. ఇంటర్నెట్టులో పెట్టుకున్న పేరుకు ఆ మాట ఇంకా బాగా అతుకుతుందని నిరుడు మాఘమాసంలో ఒక ఈమెయిల్ వచ్చి చెప్పింది. ఊరికే చెప్పలేదు, నలభై ఒక్క వేల మూడువందల రూపాయలు అడిగి మరీ చెప్పింది!

సంగతి మొదటినుంచీ చెబుతాను.

నేను కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశం గురించి ఏటా ఒక పాఠం చెబుతాను. వ్యవసాయ పదాలతో దాని మొదటి సంపుటం 1962లో వచ్చింది. ఒక ఏడు ఆ పాఠం అయ్యాక వెనక బెంచీ అమ్మాయి లేచి, "మాస్టారూ, మా తాతయ్య కమ్మరి. ఆయన అనే మాటలు కొన్ని మాకే తెలియవు. ఆయన పోతే ఆ మాటలూ పోతాయి కదండీ?" అన్నది. నాకు జవాబు తోచలేదు. ఆ వేసవిలోనే బయలుదేరాం. రెండు వేసవులు చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి కమ్మరులనూ, వడ్రంగులనూ, కుమ్మరులనూ, నేతగాళ్ళనూ కూర్చోబెట్టి మాట్లాడించాం. ఇరుసు, కాడి, నొగ దగ్గరనుంచి ఏ నిఘంటువులోనూ నాకు కనబడని మాటలదాకా పదకొండు వందలు పోగుపడ్డాయి. ఏ మాట ఎవరు చెప్పారో వారి గొంతుతోనే ఫోన్లలో పట్టుకున్నాం.

ఇవన్నీ పదిమందికీ వినబడాలంటే వెబ్‌సైటు ఒకటి ఉండాలన్నాడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా పాత శిష్యుడు. కట్టడం తన వంతన్నాడు. ఒకనాటి రాత్రి ఫోన్ చేసి, "అదృష్టం మాస్టారూ! చక్కటి చిన్న తెలుగు మాట, చివర కొత్తరకం తోక. ఇంకా ఎవరూ తీసుకోలేదు. పన్నుతో కలిపి 1,770 రూపాయలే" అన్నాడు.

"ఇంకేం, కొనెయ్యి" అన్నాను.

ఆ పేరునే అచ్చువేసి చిన్న పుస్తకం తెచ్చాం. మాటలు చెప్పిన పెద్దలందరికీ తలో ప్రతి ఇచ్చాం. వాళ్ళ మనవలు ఫోన్లో తాతల గొంతు వింటున్నారని కబురు తెలిసినప్పుడల్లా మాకు పండగే. దుబాయిలో పనిచేసే కుర్రవాడొకడు, తాతగారు పోయాక ఆయన గొంతు అక్కడే విన్నానని రాశాడు. ఆ ఉత్తరం ఇంకా నా బల్లమీదే ఉంది.

అలా ఏడాది గడిచేసరికి వచ్చింది ఆ ఈమెయిల్. 'మీ పేరు గడువు ముప్ఫై రోజుల్లో తీరుతుంది. రెన్యూవల్ ధర 35,000. దానిపై పద్ధెనిమిది శాతం పన్ను.' ముందు నవ్వుకున్నాను. సున్నా ఒకటి ఎక్కువ పడిందనుకున్నాను. శిష్యుడికి ఫోన్ చేస్తే వాడి గొంతు పూడుకుపోయింది. "నా తప్పే మాస్టారూ. నేను కడతాను" అన్నాడు.

వాడి తప్పో కాదో తేల్చుకుందామని పాత కాగితాలు తీశాను. కొనేముందు వాడు ఆ తెర బొమ్మ నాకు పంపించాడు. '1,500' అన్న అంకె పెద్దక్షరాల్లో ఉంది. కింద చీమతలకాయలంత అక్షరాల్లో ఇంకొక పంక్తి. 'ఇది ప్రీమియం పేరు. రెండో సంవత్సరం నుంచి ఏటా 35,000.' దానికి నేనిచ్చిన జవాబూ ఉంది: 'సరే.' ఇరవై ఏళ్ళుగా క్లాసులో ప్రతిపదార్థం చెప్పందే పద్యం వదలని మనిషిని, ఆ ఒక్క పంక్తీ చదవకుండానే సరే అన్నాను! ఇక వాణ్ణి ఏమనను?

అప్పుడు కూర్చున్నాను ఈ పేర్ల భాగోతం చదవడానికి. చదివిందాంట్లో నలుగురికీ పనికొచ్చేది ఇక్కడ చెబుతాను.

కంప్యూటర్లకు పేర్లతో పనిలేదు, అంకెలతోనే పని. ఆ అంకెలు మనకు గుర్తుండవు గనుక, వాటికి బదులు పేర్లు వాడుకునే ఏర్పాటు ఒకటి 1983లో అమెరికాలో పాల్ మొకపెట్రిస్ అనే ఆయన రూపొందించాడు. డాట్‌కామ్ తోకతో మొట్టమొదటి పేరు 1985 మార్చి 15న నమోదయింది. అప్పట్లో పేరుకు దమ్మిడీ అడిగేవారు కాదు. 1995లోనే రెండేళ్ళకు వంద డాలర్లు అని రుసుం మొదలయింది. 1998లో ఐకాన్ అనే సంస్థ పుట్టి పెద్దరికం వహించింది.

ఇందులో మూడు మెట్లున్నాయి. పైన ఐకాన్. దాని కింద ఒక్కొక్క తోకనూ నడిపే సంస్థ, దాన్ని రిజిస్ట్రీ అంటారు. దాని కింద మనకు పేరు అమ్మే దుకాణం, అది రిజిస్ట్రార్. మనం డబ్బిచ్చేది దుకాణానికే గాని, ఏ పేరుకు ఎంతని మూలధర కట్టేది రిజిస్ట్రీ. అందుకే దుకాణంవాడితో ఎంత పోట్లాడినా లాభం లేకపోయింది. ఆ పేరు ఇంకో దుకాణానికి మార్చుకుందామన్నా ధర నీడలా వెంటే వస్తుంది.

ఇదివరకు తోకలు కొద్దిగానే ఉండేవి. 2012లో కొత్తతోకలకు ఐకాన్ తలుపు తెరిస్తే 1,930 దరఖాస్తులు వచ్చాయి. ఒక్కొక్క దరఖాస్తుకు రుసుం లక్షా ఎనభై అయిదు వేల డాలర్లు. అంత పోసినవారు రాబట్టుకోవద్దూ? చిన్నవీ, చెవికింపైనవీ ఏరి 'ప్రీమియం' అని ముద్రవేసి పక్కన పెట్టారు. మాకు అదృష్టం కొద్దీ మిగిలిందనుకున్న పేరు అలా పక్కన పెట్టిందే!

ఇక్కడొక తిరకాసుంది. ప్రీమియం అన్నమాటకు రెండర్థాలు. ఒకరు ఎప్పుడో తీసుకున్న పేరును మనకు ఎక్కువ ధరకు అమ్ముతారు. సాధారణంగా అది ఒక్కసారి పోసే డబ్బు, తరవాత ఏటా మామూలు రుసుమే. రెండోది రిజిస్ట్రీ వేసిన ప్రీమియం. అందులో చాలావాటికి ఏటేటా పెద్దధరే. మొదటిది స్థలానికి ఇచ్చే పగిడీ అయితే రెండోది బజారు మధ్య కొట్టు అద్దె. మాది ఆ రెండోరకం. మొదటి సంవత్సరం తగ్గింపు చూసి అది తెలుసుకోలేకపోయాం.

చట్టం లేదా అంటే, ఉంది. కొత్తతోకల ఒప్పందంలో, రెన్యూవల్ ధర పెంచితే 180 రోజుల ముందు రిజిస్ట్రీ దుకాణాలకు తెలపాలనీ, అందరికీ ఒకే రెన్యూవల్ ధర ఉండాలనీ రాశారు. అయితే కొనేనాడే పెద్దధర సంగతి స్పష్టంగా చెప్పి ఒప్పించుకుంటే ఆ సమానత్వం వర్తించదన్నారు. నా 'సరే' ఆ సందులోకే వెళ్ళింది. ఎంతవరకు పెంచవచ్చో కొత్తతోకలు చాలావాటికి హద్దు లేదు. 2017లో ఒక రిజిస్ట్రీ కొన్ని తోకలకు, ఇరవై డాలర్లకు అటూఇటూగా ఉన్న ధర మూడువందలు చేస్తానంది. గోల పుట్టాక పాతవారిని మినహాయించింది. డాట్‌కామ్‌కు మాత్రం ఒప్పందంలో హద్దుంది. 2024 సెప్టెంబరులో దాని టోకు ధర 10.26 డాలర్లయింది.

ఇదంతా తెలుసుకున్నాక మరీ దిగులు పట్టుకుంది. కట్టకపోతే? గడువు తీరాక దుకాణాలు కొన్నాళ్ళు ఓపికపడతాయి. తరవాత జరిమానాతో విడిపించుకునేందుకు ముప్ఫై రోజులు. అదీ దాటితే పేరు బజారున పడుతుంది. ఎవరైనా తీసుకుని అందులో జూదమే పెట్టవచ్చు, ఇంకేమైనా పెట్టవచ్చు. తాత గొంతు విందామని పుస్తకం తెరిచి ఆ పేరు కొట్టిన మనవడికి ఏమి కనబడుతుందో! ఆ తలపుకు నాకు రెండురాత్రులు నిద్రలేదు.

మూడోనాడు అన్నం వడ్డిస్తూ మా ఆవిడ, "ఏమండీ, మనం గుడివీధి ఇల్లు ఖాళీచేసినప్పుడు ఏం చేశాం?" అన్నది.

"ఏం చేశాం?"

"అద్దె ఎక్కువని కొత్తింట్లో చేరాం. కాని పాతింటికి ఇంకో నెల అద్దె కట్టి, వచ్చినవాళ్ళకు కొత్త చిరునామా చెప్పమని తలుపుమీద చీటీ అంటించి వచ్చాం. ఇదీ అంతేగా?"

చూశారా! శిష్యుడికి చెబితే, "అమ్మగారు చెప్పిందే దారి మాస్టారూ" అన్నాడు. పాతపేరు బతికి ఉంటేనే అక్కడికి వచ్చినవారిని కొత్తపేరుకు మళ్ళించవచ్చునట. అందుకని ఒక్క సంవత్సరానికి 41,300 కట్టాం. కట్టాం అంటే, ఇంటికి సున్నం వేయిద్దామని దాచిన డబ్బు. శిష్యుడు సగం ఇస్తానని పట్టుబట్టాడు. ఒప్పుకోలేదు. చివరికి వాడు కొత్తపేరు రుసుం కట్టుకుని తృప్తిపడ్డాడు. ఈసారి మన దేశపు డాట్‌ఇన్ తోకతో, కాస్త పొడుగైనా నోరు తిరిగే పేరు తీసుకున్నాం. పదేళ్ళకు మించి ఒకేసారి ఎవరికీ ఇవ్వరు. ఆ పదేళ్ళకూ కట్టేశాం.

మీ ఇంట్లో పిల్లలు దుకాణానికో, సంగీతం క్లాసులకో, పత్రికకో ఇలాంటి పేరు తీసుకోబోతే నాలుగు ప్రశ్నలు అడగండి. మొదటి ఏటి ధర కాదు, రెండో ఏటి ధర ఎంత? 'ప్రీమియం' అన్నమాట ఎక్కడైనా ఉందా? పేరు ఎవరి పేరున ఉంది, గడువు కబురు ఎవరికి వస్తుంది? లోపలి సరుకుకు వేరే నకలు ఉందా? ఈ నాలుగింటికీ జవాబు వచ్చేదాకా 'కొనెయ్యి' అనకండి. అసలు అక్కడ కొనడమన్నదే లేదు. అంతా అద్దే.

ఇప్పుడు ఆదివారాలు నేనూ, పిల్లలూ ఊళ్ళు తిరుగుతున్నాం. పుస్తకం అట్టమీద పాతపేరు కనబడకుండా కొత్తపేరు చీటీ అంటిస్తున్నాం. మొన్న ఆ అమ్మాయి తాతగారింటికి వెళ్ళాం. ఎనభై దాటిన మనిషి. కొలిమి పక్కనే కూర్చుని నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"అయితే బాబూ, పొలానికి శిస్తు కట్టినట్టు పేరుకీ శిస్తు కడతారా?"

"అవును తాతా. ఏటేటా కట్టాలి. కట్టకపోతే పేరు పోతుంది."

ఆయన చీటీని బొటనవేలితో గట్టిగా అదిమి అంటించాడు. "పేరు పోతే పోనీ బాబూ. మాటలు పోకుండా చూసుకో" అన్నాడు.

ఇంటికి రాగానే ఆ పదకొండు వందల మాటలకూ మరొక నకలు తీసి బీరువాలో పెట్టాను.