భీముడు పుట్టిన ఊళ్లో బొమ్మల వ్యాపారం

మాదాపూర్‌లో నాదొక చిన్న యానిమేషన్ స్టూడియో. బొమ్మ గీయగలిగేవాళ్లు ఈ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. ఆ బొమ్మ ఎవరికి కావాలో తెలిసినవాళ్లే తక్కువ. అందుకే కొత్తగా చేరే పిల్లలకు రాజీవ్ చిలక కథ చెబుతాను.

అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి యానిమేషన్ నేర్చుకున్నారాయన. 2001లో హైదరాబాద్‌లో గ్రీన్ గోల్డ్ యానిమేషన్ పెట్టారు. అప్పట్లో మన దేశంలో చాలా స్టూడియోలకు విదేశీ కంపెనీల పనే ఆధారం. కథ వాళ్లది, పాత్ర వాళ్లది, హక్కులూ వాళ్లవే. మన పిల్లలకు మన కథ చూపించాలన్నది ఆయన పట్టుదల. 2008లో పోగో చానల్లో ఛోటా భీమ్ మొదలైంది. పాత్ర సొంతం కాబట్టి పుస్తకాలు, ఆటబొమ్మలు, స్కూలు బ్యాగులు, సినిమాలు దాని వెంట వచ్చాయి. 2019లో అదే భీమ్‌ను పసివాడిగా చూపే మైటీ లిటిల్ భీమ్ నెట్‌ఫ్లిక్స్‌కెక్కింది. దాదాపు మాటలే లేని ఆ పసివాడికి ఏ దేశంలోనూ భాష అడ్డు కాలేదు.

నాకు ఇంతకన్నా గొప్పగా అనిపించేది మరొకటి. పోటీ స్టూడియోలన్నీ కలిసిన తెలంగాణ వీఎఫ్ఎక్స్, యానిమేషన్, గేమింగ్ సంఘానికి ఆయన అధ్యక్షులుగా పనిచేశారు. హైటెక్ సిటీ పక్కనే హెచ్ఐసీసీలో జరిగే ఇండియాజాయ్ వేడుక వెనుక ఆ సంఘం ఉంది. గేమింగ్ వాళ్లు, చానళ్లవాళ్లు, నిర్మాతలు అక్కడ ఒకేచోట దొరుకుతారు. కార్డులు పంచినంత మాత్రాన పరిచయం కాదు. మన చేతికి మించిన పనిని పక్క స్టూడియోకి పంపితే, రేపు వాళ్లూ మనల్ని తలుచుకుంటారు.

ఈసారి ఇండియాజాయ్‌కి వెళ్లే కుర్రాళ్లకు నా మనవి: మీ సొంత పాత్ర ఒక్కటైనా గీసి పట్టుకెళ్లండి. సంతకం పెట్టేముందు హక్కులు ఎవరివో అడగండి.