తరిగేది పెయింటే

మదీనా సెంటర్ నుంచి చార్మినార్ దాకా ఒక్కసారి వెళ్లొచ్చినా చాలు, నల్ల కారు మీద బూడిదరంగు దుమ్ము పేరుకుంటుంది. పొద్దున్నే యజమానో, కారు తుడిచే కుర్రాడో పొడిగుడ్డతో గుండ్రంగా తిప్పుతూ దాన్ని తుడిచేస్తాడు. దుమ్ములో ఇసుక ఉంటుంది. గుడ్డ కింద అది గరుకు కాగితం పని చేస్తుంది. రెండేళ్లు గడిచాక సాయంత్రపు ఎండ ఏటవాలుగా బానెట్ మీద పడినప్పుడు చూస్తే, వెలుగు చుట్టూ సాలెగూడులా సన్నని గీతలు. బోరు నీళ్లతో కడిగి ఆరనిచ్చిన చోట తెల్లని మచ్చలు వీటికి తోడు. షెడ్డుకు తీసుకెళ్తే ‘రబ్బింగ్ కొడితే సాఫ్ అయితది సార్’ అంటారు. నిజమే, సాఫ్ అవుతుంది. గీతలతో పాటు ఇంకేం పోతుందన్నది మాత్రం ఏ పాలిషింగ్ మిషన్‌తో కొట్టారన్న దాని మీద ఉంటుంది.

కారు రేకు మీద తుప్పు పట్టనివ్వని పూత, దాని మీద ప్రైమర్, తర్వాత రంగు, అన్నిటికన్నా పైన రంగులేని క్లియర్ కోట్ ఉంటాయి. ఫ్యాక్టరీ పెయింటు అంతా కలిపినా సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్లు, తలవెంట్రుక కన్నా పలచన. గీత పోవాలంటే దాని అడుగు దాకా చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను అరగదీసి సమం చేయాల్సిందే. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలు ఉండేదీ ఆ పొరలోనే. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో అది పలచబడితే రంగు వెలిసిపోతుంది, పైపొర పెచ్చులుగా లేస్తుంది. పాత కార్ల సంగతి వేరు. చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కోసం ఆర్డరిచ్చిన బండి. 1911లో ఆయన కన్నుమూయడంతో ఆయన వారసుడు ఉస్మాన్ అలీఖాన్ చేతికి వచ్చింది. ఆ కాలంలో కుంచెతో పూత మీద పూత వేసి, ఒక్కోటి ఆరాక చేత్తో రుద్ది, వారాల తరబడి రంగు వేసేవారు. పాతకాలపు రంగును రుద్దితే గుడ్డకు రంగు అంటుకుంటుంది, ఎంత పోతోందో కంటికి తెలుస్తుంది. 1980ల నుంచి మామూలు కార్లకూ వచ్చిన క్లియర్ కోట్‌కు అసలు రంగే లేదు. ఎంత తరిగిందో మిషన్‌కు తగిలించిన ప్యాడ్ చూసి చెప్పలేం. మిషన్ ఎంపికలో జాగ్రత్త కావాలనడానికి నాకు కనిపించే పెద్ద కారణం ఇదే.

రోటరీ మిషన్‌లో ప్యాడ్ ఒకే ఇరుసు మీద నిమిషానికి 600 నుంచి 3,000 చుట్లు తిరుగుతుంది. మోటారు బలమంతా నేరుగా ప్యాడ్‌కే అందుతుంది కాబట్టి గట్టిగా నొక్కితే మరింత కోస్తుంది, ఒకేచోట నిలిపితే వేడెక్కిస్తుంది. లక్క సెగకు మెత్తబడుతుందని లాడ్ బజార్‌లో గాజులు చేసేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. క్లియర్ కోట్ కూడా వేడికి మెత్తబడేదే. బానెట్ అంచుల దగ్గర, డోరు మడతల మీద క్షణాల్లో లేచిపోతుంది. డ్యూయల్ యాక్షన్ మిషన్, పనివాళ్ల మాటలో డీఏ, ప్యాడ్‌ను తిప్పుతూనే పక్కలకు ఊపుతుంది. ప్యాడ్ బేరింగ్ మీద వదులుగా తిరుగుతుంది గనుక మరీ నొక్కినా, అంచు మీద ఒరిగించినా తిరగడం ఆగి ఊగడమే మిగులుతుంది. ప్యాడ్ బిగించే ప్లేటు అంచున మార్కరుతో ఒక గీత పెట్టి చూడండి: ప్యాడ్ తిరుగుతున్నంతసేపూ గీత చెదిరిపోయి ఉంటుంది, నొక్కుడు ఎక్కువయ్యిందంటే నిలిచి కనిపిస్తుంది. చెయ్యి తప్పితే రోటరీ ఇంకా లోతుకు పోతుంది, డీఏ కోయడం మానేస్తుంది. సొంత కారుకైనా, చిన్న షెడ్డుకైనా మొదటి మిషన్ డీఏయే కావాలి.

రోటరీతో పూటలో అయ్యే పని డీఏతో రోజంతా పడుతుందని షెడ్డువాళ్లు అంటారు. 8 మిల్లీమీటర్ల ఊపు ఉన్న పాత డీఏల విషయంలో అది సబబే. ఇటలీ కంపెనీ రూపెస్ 15, 21 మిల్లీమీటర్ల ఊపుతో మిషన్లు తెచ్చాక, మైక్రోఫైబర్ ప్యాడ్లు తోడయ్యాక తేడా బాగా తగ్గింది. పైగా చెయ్యి తిరగనివాళ్లు రోటరీ కొట్టిన బానెట్ మీద మెలికలు తిరిగిన మెరుపు చారలు మిగులుతాయి. షెడ్డు ట్యూబ్‌లైట్ కింద అవి కనిపించవు, బండి ఎండలోకి వెళ్లాక కస్టమర్‌కు కనిపిస్తాయి. వాటిని పోగొట్టడానికి మళ్లీ ఇంకో విడత రుద్దాలి, అప్పుడు మిగిలిన సమయం ఏది? ఖరీదు సంగతి చెప్పి నాలుగంగుళాల గ్రైండర్‌కే స్పాంజ్ తగిలించేవాళ్లూ ఉన్నారు. అది ఇనుము కోయడానికి నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరిగే పనిముట్టు. దయచేసి కారు దగ్గరికి తేవద్దు. మళ్లీ పెయింటు వేసిన ప్యానెల్ మీద గరుకు తేలితే, దాన్ని వాటర్ పేపర్‌తో రుద్దాక రోటరీ, ఊలు ప్యాడ్ పట్టడం సరైన పనే. కానీ అది పెయింటు మందం కొలిచే మీటరు దగ్గరున్న అనుభవజ్ఞుడి రెండో మిషన్.

కొనేటప్పుడు 21 మిల్లీమీటర్లది చూసి ఆశపడనక్కర్లేదు. మన సందుల్లో తిరిగేవి ఎక్కువగా చిన్న కార్లు. వాటి వంపుల మీద పెద్ద ప్యాడ్ మాటిమాటికీ ఆగిపోతుంది. 12 లేదా 15 మిల్లీమీటర్ల ఊపు, అయిదంగుళాల ప్లేటు ఉన్నది చాలు. డబ్బా మీది వాట్ల కన్నా, నొక్కినప్పుడు వేగం పడిపోకుండా చూసే ఎలక్ట్రానిక్ కంట్రోల్ ఉందా లేదా అడగాలి. గంటసేపు పట్టుకోగల బరువా, కార్బన్ బ్రష్‌లు, ప్లేట్లు ఊళ్లో దొరుకుతాయా అన్నవీ ముఖ్యమే. గేర్లతో బలవంతంగా తిప్పే డీఏలు ఉన్నాయి; అవి ఆగవు, కాబట్టి నేర్చుకునేవాళ్లకు పనికిరావు. మిషన్‌తో పాటే అయిదారు ప్యాడ్లు తీసుకోండి, వేడెక్కినదాన్ని పక్కన పెట్టి మార్చుకోవాలి. నీడలో, చల్లని రేకు మీద, రెండడుగుల చోట మెత్తని ప్యాడ్‌తో మొదలుపెట్టి టార్చిలైటు వేసి చూడండి. గీతలు పోతే గట్టి ప్యాడ్ జోలికి వెళ్లక్కర్లేదు. పత్తర్‌గట్టీలో ఆటో రాసుకుపోయిన గీత ఉంటే దానికి అడ్డంగా గోరు ఆడించండి. గోరు తట్టుకుందంటే గీత లోతుగా దిగింది. అక్కడ మిషన్ పక్కన పెట్టి టచప్ బ్రష్ తీసుకోండి.