బావిలో మోటారు, రసంలో మిరియం

మా ఏడో తరగతి కుర్రాడొకడు కాలికి మేకు గుచ్చుకుని మూడు రోజులు బడికి రాలేదు. డాక్టరు ఐదు రోజులకు మాత్రలు రాసిచ్చారట. రెండో రోజుకే వాపు తగ్గడంతో వాళ్లమ్మ మిగతా మాత్రలు డబ్బాలో దాచి, పుండుకు పసుపు పట్టు వేసి, మిరియాల కషాయం తాగించింది. పది రోజులకు మళ్లీ చీము పట్టింది. దాచిన మాత్రలు వేస్తే ఈసారి పని చేయలేదు. చివరికి పెద్దాసుపత్రికి వెళ్లి, చీము పరీక్షకు ఇచ్చి, వేరే మందు సూదులు వేయించుకోవాల్సి వచ్చింది.

ఆ తల్లిని తప్పు పట్టలేను. మా హోసూరు వైపు ఇంట్లో మాట తెలుగు, ఆసుపత్రిలో చెప్పేది తమిళం, మాత్రల అట్ట మీద రాసేది ఇంగ్లీషు. మధ్యలో ఎక్కడో ‘ఐదు రోజులు’ అన్న మాట జారిపోతుంది. మా ఇంట్లోనూ అలా దాచిన మాత్రల డబ్బా ఒకటి ఉండేది.

కోలుకుని వచ్చాక వాడడిగిన ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. ‘టీచర్, మిరియాలకు క్రిములు చస్తాయంటారు కదా, మరి నా పుండు ఎందుకు మానలేదు?’

మందును తప్పించుకోవడానికి బాక్టీరియాకు చాలా దారులున్నాయి. కొన్ని ఆ మందును విరిచేసే ఎంజైములు తయారు చేసుకుంటాయి. కొన్ని మందు పట్టుకునే చోటునే మార్చేసుకుంటాయి. మా పిల్లలకు చప్పున అర్థమైంది మూడో దారి. బావి తవ్వేటప్పుడు ఊట నీరు వస్తూనే ఉంటుంది. మోటారు పెట్టి తోడేస్తుంటేనే కూలీలు అడుగున నిలబడగలరు. చీము పుండ్లలో తరచుగా కనిపించే స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా పైపొరలో ‘నార్‌ఏ’ అనే మోటారు ఉంటుంది. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మందు లోపలికి రాగానే బయటికి తోడేస్తుంది. మోటారు ఎంత జోరుగా ఉంటే క్రిమి అంత భద్రం.

ఈ మోటారు సంగతి మొక్కలకు మనకన్నా ముందే తెలుసేమో అనిపిస్తుంది. మన పచారీ కొట్లలో మానుపసుపు పేరుతో అమ్మే కర్రకు ఆ పసుపు రంగునిచ్చేది బెర్బెరిన్. అది క్రిములకు విషమే గానీ, నార్‌ఏ దాన్ని సులువుగా తోడిపారేస్తుంది. అమెరికాలో పెరిగే ఒక బార్బెరీ పొదలోనూ బెర్బెరిన్ ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు ఆ పొదలోనే ఇంకో పదార్థం కనుక్కుని 2000లో ప్రకటించారు. అది తనంతట తాను ఏ క్రిమినీ చంపదు. దాని పనల్లా మోటారుకు అడ్డం పడటమే. మోటారు ఆగితే బెర్బెరిన్ లోపలే నిలిచి క్రిమిని చంపుతుంది. విషం, మోటారుకు అడ్డు, రెండూ ఒకే పొదలో!

ఇక మన మిరియం. నాలుకకు ఘాటు తగిలించేది పిపెరిన్. 2006లో జమ్మూలోని పరిశోధకులు స్టాఫిలోకాకస్ మీద సిప్రోఫ్లాక్సాసిన్‌ను పిపెరిన్‌తో కలిపి ప్రయోగించారు. ఒంటరిగా వాడినప్పటికన్నా తక్కువ మందుకే ఆ బాక్టీరియా లొంగింది. ఇక్కడా జరిగింది మోటారు ఆగడమే. అంటే మిరియం చేసిన పని చంపడం కాదు, చంపే మందును లోపల నిలబడనివ్వడం. మా కుర్రాడి ప్రశ్నకు సగం జవాబు ఇదే. మందు ఆపేసి కషాయం ఒక్కటే తాగితే, తోడటానికి అక్కడ మందే లేదు కదా.

మిగతా సగం మోతాదుది. ఆ ప్రయోగం జరిగింది గాజు నాళికల్లో. అక్కడ క్రిముల చుట్టూ ఉంచినంత పిపెరిన్, గ్లాసుడు రసం తాగితే కాలి పుండు దాకా చేరదు. పసుపుదీ అదే కథ. అందులోని కుర్కుమిన్ మన ఒంట్లోకి సరిగా ఇంకదు. 120కి పైగా జరిగిన వైద్య పరీక్షల్లో కట్టుదిట్టంగా చేసిన ఒక్కటీ విజయవంతం కాలేదని 2017లో రసాయన శాస్త్రవేత్తలు తేల్చారు. ఈ మాట చెబితే స్టాఫ్ రూములో నాతో పోట్లాటకు వచ్చారు. కూరలో పసుపు మానమని నేననలేదు.

అలాగని మిరియాన్ని వంటింటికే వదిలేయలేదు. మన పేగుల్లో, కాలేయంలో మందుల్ని బయటికి నెట్టే, విరిచేసే ఏర్పాట్లున్నాయి. పిపెరిన్ వాటినీ నెమ్మదింపజేస్తుంది. ఆ ఆసరాతోనే జమ్మూ సంస్థ, కాడిలా ఫార్మా కలిసి 2009లో ‘రిసోరిన్’ అనే క్షయ మందు తెచ్చాయి. మామూలుగా 450 మిల్లీగ్రాములు వేసే రిఫాంపిసిన్‌ను అందులో 10 మిల్లీగ్రాముల పిపెరిన్ తోడుతో 200కు తగ్గించారు. ప్రమాదమూ ఇక్కడే ఉంది. మూర్ఛకు ఫెనిటాయిన్ వాడేవాళ్లు బజారులో దొరికే పిపెరిన్ గొట్టాలు మింగితే రక్తంలో ఆ మందు హద్దు మీరవచ్చు. ఏం వాడుతున్నా డాక్టరుకు చెప్పాలి, కషాయమైనా సరే.

2019లో ప్రపంచం మొత్తం మీద మందులకు లొంగని బాక్టీరియా వల్ల నేరుగా 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. ఆ అంకెను బోర్డు మీద రాశానుగానీ పిల్లలు దానివైపు పెద్దగా చూడలేదు. వాళ్లను పట్టుకుంది ఎర్ర గీత. యాంటిబయాటిక్ అట్టల మీద నిలువుగా ఉండే ఆ గీతకు అర్థం, డాక్టరు చీటీ లేకుండా వాడొద్దని. చదవటానికి ఏ భాషా అక్కర్లేదు.

ఇంట్లో ఖాళీ అట్టలుంటే తెమ్మన్నాను. మర్నాడు తొమ్మిది వచ్చాయి, ఐదింటి మీద గీత ఉంది. మా కుర్రాడు తెచ్చినదాంట్లో మాత్రం ఇంకా రెండు మాత్రలున్నాయి. ‘ఇవి తమ్ముడికని దాచింది టీచర్, మీకే ఇచ్చి రమ్మంది’ అన్నాడు.