కీళ్ళవాతం ఎవరికెంత?

కీళ్ళవాతం ముసలితనంలో వచ్చేదే అని మన పల్లెల్లో చాలామంది అనుకుంటారు. వయసుతో కీళ్ళు అరిగి వచ్చే నొప్పి వేరు, రుమటాయిడ్ కీళ్ళవాతం వేరు. రోగాలనుంచి మనల్ని కాపాడవలసిన రక్షణవ్యవస్థే ఇందులో కీళ్ళ పొరలమీద తిరగబడుతుంది. కంచే చేను మేసినట్లన్నమాట! పాతికేళ్ళవాళ్ళకైనా రావచ్చు, మగవారికంటె ఆడవారికి రెండు మూడు రెట్లు ఎక్కువ.

ఇది అన్నిచోట్లా ఒకే పాళ్ళలో లేదు. ఢిల్లీ దగ్గరి బల్లభ్‌గఢ్ పల్లెల్లో చేసిన పరిశీలనలో (1993) పెద్దవాళ్ళలో వెయ్యికి ఏడెనిమిది మందికి కనిపించింది. అదే ఏడు వెలువడిన నైజీరియా పల్లెల పరిశీలనలో రెండువేల మందిలో ఒక్కరికీ లేదు. ఇంగ్లండులోని మాంచెస్టరులో వెస్టిండీస్ సంతతి నల్లజాతివారిలో వెయ్యికి సుమారు ముగ్గురికే ఉంటే, తెల్లవారిలో ఎనిమిది మందికి ఉంది (1994). ఇలాంటి తేడాలకు కొంత వంశపు జన్యువులు, కొంత పొగతాగడంవంటి అలవాట్లు కారణాలు.

బల్లభ్‌గఢ్ లెక్కే మనకూ వర్తిస్తే, రెండువేలమంది పెద్దలున్న ఊళ్ళో పదిహేనుమంది ఉంటారు. పొద్దున లేస్తూనే గంటసేపు పిడికిలి ముడవలేరు. రెండు చేతుల కణుపులూ వాస్తాయి. శెనక్కాయలు వలిచిన నొప్పిలే అని పసరు కట్టుకొని ఊరుకుంటే వేళ్ళు వంకర తిరుగుతాయి, మళ్ళీ సరికావు. మొదటి నెలల్లోనే డాక్టరుకు చూపించి మెథోట్రెక్సేట్‌వంటి మందు వాడితే చాలామందికి ఆ వంకర తప్పుతుంది. ఆ మందు వారానికొక్కసారే. రోజూ మింగితే ప్రాణానికే ముప్పు.

తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు ఉండనే ఉన్నాయి. సెలవులకు ఊరికి పోయినప్పుడు అమ్మ చేతివేళ్ళు ఒకసారి చూడండి.