బుడగ చెప్పే సాక్ష్యం

స్కానింగ్ బల్లమీద పడుకోగానే పొట్టకు చల్లటి జెల్లు రాస్తారు. చర్మానికీ ప్రోబ్‌కీ మధ్య గాలి చేరకూడదని ఆ ఏర్పాటు. గాలి పొర అడ్డొస్తే శబ్దతరంగం ఒంట్లోకి దిగకుండా అక్కడినుంచే వెనుదిరుగుతుంది. అల్ట్రాసౌండుకు గాలి పుట్టు శత్రువు. అయినా ఒకనాటికి వైద్యులు వాయువునే బుడగలుగా చేసి రక్తంలోకి పంపారు. దానిచేతే సాక్ష్యం చెప్పించారు.

ఈ యంత్రం పుట్టింది ఆసుపత్రిలో కాదు, ఉక్కులో పగుళ్లు వెతికే కర్మాగారాల్లో. గ్లాస్గోలో ప్రసూతి వైద్య ఆచార్యుడైన ఇయాన్ డొనాల్డ్ రెండో ప్రపంచ యుద్ధకాలంలో వైమానిక దళంలో పనిచేశారు, రాడార్ తెలిసినవారు. 1955 జూలైలో ఆయన ఆపరేషన్లలో తీసిన గర్భాశయ గడ్డలనూ, ఒక పెద్ద అండాశయపు నీటితిత్తినీ కారులో వేసుకుని రెన్‌ఫ్రూలోని బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ బాయిలర్ల కర్మాగారానికి వెళ్లారు. పోల్చి చూసేందుకు అక్కడివాళ్లు ఒక మాంసం ముక్క ఇచ్చారు. నీటితిత్తి ఒకలా, గట్టి గడ్డ మరొకలా ప్రతిధ్వనించాయి. ఇంజనీర్ టామ్ బ్రౌన్, డాక్టర్ జాన్ మాక్‌వికర్‌లతో కలిసి ఆయన రాసిన వ్యాసం 1958లో ‘లాన్సెట్’లో వచ్చింది. ఆపరేషన్‌కు అందని కడుపు క్యాన్సర్ అని వదిలేసిన ఒకామె పొట్టలో ఉన్నది పెద్ద అండాశయ తిత్తి అని ఈ యంత్రమే పట్టించింది. దాన్ని తీసేశారు, ఆమె బతికింది.

నీరేదో, గట్టిదేదో తెలిసింది. కానీ గట్టిగా కనిపించేదంతా కణితేనా? తిత్తిలో గడ్డకట్టిన పాత రక్తం, చిక్కబడ్డ స్రావం కూడా తెరమీద కణితిలాగే కనిపించి కంగారు పెడతాయి. తేడా ఒక్కటే: బతికున్న కణజాలానికి రక్తం అందుతుంది, రక్తపుగడ్డకు అందదు. రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కానింగ్ పెద్ద నాళాల ప్రవాహాన్ని చూపిస్తుంది గానీ, వెంట్రుకకన్నా సన్నని నాళికల్లో మెల్లగా పాకే రక్తాన్ని పట్టలేదు.

దారి అనుకోకుండా దొరికింది. 1968లో అమెరికాలోని రోచెస్టర్‌లో రేమండ్ గ్రామియాక్, ప్రవీణ్ షా గుండెను పరీక్షిస్తూ రంగుమందు ఎక్కించినప్పుడు తెరమీద మబ్బు కమ్మినట్టు ప్రతిధ్వనులు వచ్చాయి. ఆ మబ్బు చిన్న చిన్న బుడగలది.

బుడగకు గొంతు ఉంటుంది. కుండను చెరువులో ముంచితే వచ్చే బుడబుడ చప్పుడు బుడగలదే. ఒక్కో పరిమాణానికి ఒక్కో స్వరమని శాస్త్రవేత్త మిన్నార్ట్ 1933లోనే లెక్కగట్టారు. అదృష్టమేమిటంటే, ఊపిరితిత్తుల నాళికల్లోంచి దూరిపోగల రెండు మూడు మైక్రాన్ల బుడగ స్వరం సరిగ్గా స్కానింగ్ వాడే మెగాహెర్ట్జ్‌ల్లోనే పడుతుంది. కణజాలం ప్రధానంగా పంపిన స్వరాన్నే తిప్పి పంపుతుంది. ఉబ్బుతూ ముడుచుకుంటూ ఊగే బుడగ రెట్టింపు స్వరంలోనూ పలుకుతుంది. యంత్రం ఆ రెండో గొంతును ఏరి పట్టుకుంటుంది. శబ్దం బలం పెంచితే బుడగ చిట్లిపోతుంది కాబట్టి మెల్లగానే పలకరించాలి.

మామూలు గాలి రక్తంలో త్వరగా కరిగిపోతుంది. అందుకే రక్తంలో దాదాపు కరగని సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్‌ను కొవ్వు పొరలో చుట్టారు. అలా తయారైన సోనోవ్యూకు 2001లో యూరప్‌లో అనుమతి దొరికింది.

చేతి నరంలో ఎక్కించిన బుడగలు కాసేపటికే అండాశయం చేరతాయి. నాళం దాటి బయటికి పోవు కనుక, వెలుగు ఉన్నచోట రక్తం ఉన్నట్టే. గట్టిగా కనిపించిన భాగం చీకటిగానే మిగిలితే అది రక్తపుగడ్డో, స్రావమో కావచ్చు. త్వరగా, ప్రకాశంగా నిండితే అనుమానం బలపడుతుంది. అంతమాత్రాన తీర్పు కాదు: కొన్ని నిరపాయకర గడ్డలూ అలాగే వెలుగుతాయి. మామూలు అల్ట్రాసౌండును చదవడంలో చేయితిరిగిన వైద్యుల చూపును ఈ పద్ధతి మించలేదని అధ్యయనాల్లో తేలింది. కనుక ఇది మొదటి పరీక్ష కాదు, తేలని అనుమానానికి పిలిచే సాక్షి.

ఆ సాక్ష్యం విలువ చికిత్సలో తెలుస్తుంది. అండాశయ గడ్డ క్యాన్సరేమోనన్న అనుమానం ఉంటే సూదితో గుచ్చి చూడటానికి వెనకాడతారు, కణాలు పొట్టలోకి చిందవచ్చని. కోయకముందే చాలా తేల్చుకోవాలి: వేచి చూడాలా, అండాశయాన్ని మిగిల్చి తిత్తిని మాత్రమే తీయాలా, క్యాన్సర్ సర్జన్ దగ్గరికి పంపాలా? పిల్లలు కావాలనుకునే యువతికి ఈ తేడా చిన్నది కాదు.

అరుదుగా అలర్జీ రావచ్చు కాబట్టి పరీక్ష అయ్యాక కాసేపు కనిపెట్టుకుని ఉంటారు. కిడ్నీలకు మాత్రం భారం లేదు. కొవ్వు పొర ఒంట్లోనే కలిసిపోతుంది, లోపలి వాయువు పావుగంటలోపే ఊపిరితో బయటికి పోతుంది.