కొండెక్కే సైకిలు

సైకిలు మనకు కొత్త కాదు. పాలు పోసేవాళ్ళు, కూరగాయలు అమ్మేవాళ్ళు సైకిలు మీదే ఆత్మకూరు పోతారు. కాని కొండల మీదికి సైకిలు తొక్కేవాళ్ళు ఉన్నారని మీకు తెలుసా? అదీ పరులకు సాయం చేయడానికి!

తమిళనాడు, కర్ణాటక, కేరళ కలిసేచోట నీలగిరి కొండలు ఉన్నాయి. 2008లో అక్కడ 'టూర్ ఆఫ్ నీలగిరీస్' అనే సైకిలు యాత్ర మొదలైంది. ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిసి కొన్ని రోజులు తొక్కుతారు. మంచి పనులకు విరాళాలు కూడా పోగు చేశారు. మసినగుడి నుంచి ఊటీకి పోయే కల్హట్టి ఘాటులో 36 మలుపులు ఉన్నాయి.

అంత ఎత్తు ఎలా ఎక్కుతారు?

మన సైకిలుకు వెనక ఒకటే పళ్ళ చక్రం ఉంటుంది. కొండ సైకిలుకు చిన్నవీ పెద్దవీ చాలా ఉంటాయి. ఎక్కేటప్పుడు గొలుసును వెనక పెద్ద చక్రం మీదికి మారుస్తారు. అప్పుడు కాలు ఎక్కువసార్లు తిప్పాలి. కాని ఒక్కో తొక్కుడుకు బలం తక్కువ చాలు. ఉదయగిరి దుర్గం ఎక్కేటప్పుడు పరిగెత్తితే ఆయాసం వస్తుంది. నిదానంగా, చిన్న అడుగులతో పోతే పైకి చేరతాం. ఇదీ అంతే. దాహం వేయకముందే నీళ్ళు తాగాలి. దిగేటప్పుడు ఇంకా జాగ్రత్త. రెండు బ్రేకులూ బాగుండాలి.

తొక్కితే డబ్బు ఎలా వస్తుంది?

తొక్కే ఆమె ముందుగానే తెలిసినవాళ్ళను అడుగుతుంది. "నేను 100 కిలోమీటర్లు తొక్కుతాను. కిలోమీటరుకు ఒక రూపాయి ఇస్తారా?" అంటుంది. 20 మంది ఒప్పుకుంటే 2,000 రూపాయలు. ఆ డబ్బు ఆసుపత్రికో, బడికో పోతుంది. ప్రపంచంలో చాలా దేశాల్లో ఇలా చేస్తారు.

ఇది మనకు తెలిసిన లెక్కే. సారా పోరాటం తర్వాత, 1990లలో నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు రోజుకో రూపాయి పొదుపు చేశారు. రూపాయి రూపాయి కలిసి పెద్ద మొత్తం అయింది.

అయితే ఒక్క మాట. విరాళం ఇస్తే రశీదు అడగాలి. దాన్ని చదవాలి. డబ్బు ఎవరికి చేరిందో లెక్క అడగాలి. చదువు నేర్చింది అందుకే.

ఆడవాళ్ళకు సైకిలెందుకు?

తమిళనాడులో పుదుక్కోట జిల్లా ఉంది. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్. అక్షరాలతో పాటు వేలాదిమంది ఆడవాళ్ళు సైకిలు కూడా నేర్చుకున్నారు. మొదట్లో జనం వెక్కిరించారు. వాళ్ళు మానలేదు. నీళ్ళు తెచ్చుకోవడానికి, సంతకు, పనికి సొంతంగా పోయారు. బస్సు కోసం, మగవాళ్ళ కోసం ఎదురుచూడడం తగ్గింది.

హైస్కూలు దూరమని మన ఊళ్ళో ఏ ఆడపిల్లా చదువు మానకూడదు. సైకిలు ఉంటే దూరం దగ్గరవుతుంది.

చెప్పండి చూద్దాం:
1. ఒకామె 50 కిలోమీటర్లు తొక్కింది. 15 మంది కిలోమీటరుకు 2 రూపాయల చొప్పున ఇచ్చారు. మొత్తం ఎంత?
2. మీ ఊళ్ళో సైకిలు వచ్చిన ఆడవాళ్ళు ఎంతమంది? మిగతావాళ్ళకు ఎవరు నేర్పుతారు?